కలసి ప్రయాణం - కలసి భద్రత

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు మీదుగా హైదరాబాదుకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి వెంబడి పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరవలసిన శ్రామికులకు షేర్ ఆటో చౌకైన వాహనం. తలకు ఇంత చొప్పున కిరాయి లభించడం వల్ల డ్రైవరు మరొకరిని ఎక్కించుకోజూస్తాడు. ఇంటికి చేరే తొందరలో ప్రయాణికుడు అతని పక్కనే ఇరుక్కొని కూర్చుంటాడు. అప్పుడు హ్యాండిల్ తిప్పడానికి డ్రైవరు చేతులకు చోటు చాలదు. బరువు పెరిగినకొద్దీ బ్రేకు వేశాక బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మలుపులో బోల్తాపడే అవకాశమూ హెచ్చుతుంది. భారీ లారీలు తిరిగే రహదారిపై ఇది ప్రాణాంతకం.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, పరిమితికి మించిన ఒక్కొక్క ప్రయాణికునికి 200 రూపాయల చొప్పున జరిమానాను నిర్దేశించింది. అదనపు ప్రయాణికులను దించి, వారికి వేరొక వాహనం సమకూర్చేవరకు ఆ బండి కదలరాదని కూడ శాసించింది. ప్రయాణికుణ్ణి నడిరోడ్డున విడిచిపెట్టరాదన్న వివేకం ఈ నిబంధనలో ఉంది.

జరిమానా డ్రైవరుదే అయినా ప్రమాదం అందరిదీ. ఆటో నిండినప్పుడు తరువాతి దానికై వేచి ఉండడం ప్రయాణికుని ధర్మం. నిండిన పిమ్మట ఎవరినీ పిలువకుండడం డ్రైవరు ధర్మం. రాత్రివేళ ఎక్కేవారు బండి నంబరును ఇంటివారికి తెలపాలి. ఆపద వాటిల్లితే 112కు ఫోను చేయాలి. కొద్ది నిమిషాల ఓర్పు ఎన్నో కుటుంబాలకు రక్ష.