ఉన్నత విద్యలో అంతర్జాతీయత

విద్యారంగంలో ఈనాడు విరివిగా వినవచ్చే మాట అంతర్జాతీయత. మన విద్యార్థులను విదేశాలకు పంపడమే అంతర్జాతీయత అని కొందరు, విదేశీ విశ్వవిద్యాలయాల శాఖలు మన నగరాలలో వెలయడమే అని మరికొందరు భావిస్తున్నారు. ఇవి దానిలో భాగాలే గాని సమగ్ర స్వరూపం కావు. బోధకులు, విద్యార్థులు, గ్రంథాలు, పరిశోధనలు దేశాల ఎల్లలు దాటి ఇరువైపులా రాకపోకలు సాగించాలి. వాటి వలన ఇక్కడి తరగతి గదిలో పాఠం మెరుగుపడాలి. ఇదే దాని అసలు అర్థమని మేము తలుస్తాము.

ఈ భావన మన నేలకు కొత్తది కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల ఏలుబడిలో నేటి నాగార్జునకొండ గొప్ప బౌద్ధ విద్యాస్థానంగా విలసిల్లింది. అక్కడ బోధిసిరి అనే ఉపాసిక సింహళ దేశపు ఆచార్యుల నిమిత్తం చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు కాశ్మీర, గాంధార, చీనా, వంగ, వనవాసి మున్నగు దేశాల వారికి ధర్మబోధ చేసినవారని ఆమె దానశాసనం పేర్కొంటున్నది. పరదేశపు గురువులకు స్థానిక స్త్రీ ఆశ్రయం కల్పించిన ఈ ఉదంతం గమనింపదగినది.

రెండవ ఉదాహరణ హైదరాబాదుది. 1917లో అక్కడ దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినవి. పాశ్చాత్య విజ్ఞాన, న్యాయ, వైద్య శాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి ఆ భాషలోనే బోధించినారు. తెలుగు మాతృభాషగా గల విద్యార్థులకు ఆ సౌలభ్యం దక్కలేదన్నది నిజమే. అయినను, ప్రపంచ విజ్ఞానాన్ని దేశభాషలోకి రప్పించడం కూడా అంతర్జాతీయతయే అని ఆ ప్రయత్నం నిరూపించింది. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ 1950లో భారత సాంస్కృతిక సంబంధాల మండలిని నెలకొల్పినారు. ఇతర దేశాల విద్యార్థులు మన విశ్వవిద్యాలయాలలో చదువుకొనుటకు ఆ మండలి విద్యార్థి వేతనాలు ఇస్తున్నది.

ఇక వర్తమానానికి వద్దాము. 2020 నాటి జాతీయ విద్యావిధానం అంతర్జాతీయతను స్వదేశంలోనే సాధించాలని చెప్పింది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం విదేశీ సంస్థలతో కలిసి ఉమ్మడి పట్టాలు, జంట పట్టాలు ఇచ్చుటకు నిబంధనలు చేసింది. 2023లో విదేశీ విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకు అనుమతి మార్గం ఏర్పరచింది. అయితే 2022 నిబంధనల ప్రకారం మన సంస్థకు న్యాక్ మూల్యాంకనంలో 4కు కనీసం 3.01 రావాలి, లేదా అది జాతీయ శ్రేణిలో మొదటి 100 విశ్వవిద్యాలయాలలో ఉండాలి, లేదా విశిష్ట సంస్థగా గుర్తింపు పొందియుండాలి. నాణ్యత నిమిత్తం ఇటువంటి హద్దు అవసరమే. కాని పల్లెపట్టుల అనుబంధ కళాశాలలలో అనేకం ఈ హద్దు వెలుపలనే నిలిచిపోతాయి. కుటుంబంలో మొట్టమొదట పట్టా పుచ్చుకొనే పిల్లలు చదివేది సరిగా అటువంటి చోటనే.

రామగిరినే చూడండి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆంగ్ల కంపెనీలు ఇక్కడ బంగారం తవ్వుకొనిపోయినవి. అది ఒక తీరు విదేశీ సంబంధం. 1990 దశకంలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయానికీ చెందిన శాస్త్రజ్ఞులు కలిసి ఈ ప్రాంతపు శిలలను పరిశోధించినారు. వాటి వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలని తేలింది. ఇది మరొక తీరు. మొదటిది తీసుకొనిపోయింది, రెండవది జ్ఞానాన్ని పెంచింది. ఆ జ్ఞానం రామగిరి విద్యార్థి చేతికి తెలుగులోనో ఉర్దూలోనో అందినప్పుడే అంతర్జాతీయత సంపూర్ణమవుతుంది.

చిన్న కళాశాలలు చేయదగిన పనులు లేకపోలేదు. మొదటిది, తమ ప్రాంతంపై విదేశీ పత్రికలలో వెలువడిన పరిశోధనల సారాంశాలను అధ్యాపకులు, విద్యార్థులు కలిసి అనువదించడం. రెండవది, భాషా బోధన. పెనుకొండ చేరువన కొరియా దేశపు కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. కావున ఈ ప్రాంతపు కళాశాలలలో సాయంకాలం ఒక కొరియా భాషా తరగతి పెట్టుట ఉపయోగకరం. మూడవది, పాఠ్యాంశాల వివరాలను, మార్కుల పత్రాలను పరదేశపు సంస్థకు సైతం అర్థమయ్యే రీతిలో సిద్ధపరచి ఉంచడం. నాల్గవది, మన విశ్వవిద్యాలయాలకు వచ్చిన విదేశీ విద్యార్థులను, అధ్యాపకులను పిలిపించి ఉపన్యాసాలు, చర్చలు జరపడం.

వీటికి పెద్ద భవనాలు అక్కరలేదు; ఓపిక, క్రమశిక్షణ కావాలి. ఈ పనులు చేయకుంటే అంతర్జాతీయ విద్య అప్పు చేసి విమానమెక్కగలవారి సొత్తుగానే మిగిలిపోతుంది. తక్కినవారికి పక్క ఊరి కర్మాగారపు ద్వారం కూడ పరదేశపు సరిహద్దువలె తోస్తుంది. ఆ స్థితి రానీయకుండుట అధ్యాపకులుగా మన బాధ్యత.