మందుకు లొంగని సూక్ష్మజీవులు

హనుమకొండలో నొక గృహమున అన్నకు జ్వరము రాగా వైద్యుడు ఏడు దినములకు మాత్రలు వ్రాసి యిచ్చెననుకొందము. మూడవనాటికి జ్వరము తగ్గెను. మిగిలిన మాత్రలను గూటిలో దాచిరి. మరుమాసమున తమ్మునికి జలుబు చేయగా ఆ మాత్రలనే మ్రింగించిరి. మందు వృథా కాలేదని తల్లి సంతసించెను. కాని యా పొదుపువలన ఆ యింటికే గాక ఊరికెల్ల కీడు కలుగును. అది యెట్లో తెలిసికొందము.

ఆ మాత్రలకు యాంటీబయాటిక్కులని పేరు. ఇవి బాక్టీరియా అను సూక్ష్మజీవులను చంపును, లేదా వాని వృద్ధిని ఆపును. జలుబు వైరసు వలన వచ్చునది. దానిపై ఇవి పనిచేయవు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు పెన్సిలిన్‌ను కనుగొనెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా అచ్చట ఆరియోమైసిన్ కనుగొనబడి, 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఇట్టి మందులవలన అసంఖ్యాకులు మృత్యుముఖమునుండి బయటపడిరి. అయినను చాలీచాలని మోతాదు వాడినచో సూక్ష్మజీవులు మందును తట్టుకొన నేర్చునని ఫ్లెమింగు 1945లోనే, నోబెల్ బహుమానము నందుకొన్న సందర్భమున, హెచ్చరించెను.

కోట్లకొలది సూక్ష్మజీవులలో ఏ యొక్కదానిలోనో జన్యువు మారి మందును సహించు శక్తి కలుగును. మందు తగిలినపుడు తక్కినవి చచ్చును, అది మిగులును. కొన్ని జాతులు అనుకూల స్థితిలో 20 నిమిషములకే రెట్టింపగును. కావున స్వల్పకాలములో దాని సంతతియే నిండును. వీనిలో కొన్ని మందును విఱిచివేయును. కొన్ని బయటికి త్రోసివేయును. మఱికొన్ని మందు తగులుచోటునే మార్చుకొనును.

ఇంతకంటె వింత యొకటి కలదు. రక్తవిరేచనములు కలిగించు క్రిములు, పేగులలోని వేఱొక జాతి క్రిములు, పలుమందులను ఎదిరించు శక్తిని ఒక్కమారుగా ఇచ్చిపుచ్చుకొనునని 1959లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయము ఈ శక్తిని మోసికొనిపోవును. ఒక మందునకు లొంగనిది పలుమందులకు లొంగనిదగుట ఇట్లే.

ఈ ముప్పు ఇంటి గూటితో ఆగదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడుచుచోట, లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. అట్టి నీటిలో మందును తట్టుకొను క్రిములకే మనుగడ.

బాలలారా! వైద్యుడు చెప్పనిదే ఈ మందులు ముట్టరాదు. చెప్పినపుడు చెప్పినన్ని దినములు వాడవలెను. మిగిలినవి మఱియొకరి కీయరాదు. ఆ తమ్మునికే రేపు నిజముగా టైఫాయిడు వచ్చినచో, ఆనాడు మందు పనిచేయవలయును గదా!