పొదుగువాపు తిరగబెడుతోందా?

తిరుచ్చులి లాంటి మెట్ట ప్రాంతాల్లో ఒకటి రెండు ఆవులున్న ఇంటికి పొదుగువాపు పెద్ద దెబ్బ. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. పశువుల జబ్బు హకీంకెందుకు అనుకోకండి. పశువైద్యాన్ని అరబ్బీలో బైతరా అంటారు; 1248లో దమిష్క్‌లో మరణించిన మూలికా నిపుణుడు ఇబ్నుల్ బైతార్ పేరుకు అర్థమే 'పశువైద్యుని కుమారుడు'.

పితికేముందు మొదటి ధారలు నల్లగుడ్డపై తీసి చూడండి. విరుగుళ్ళు కనిపిస్తే వ్యాధి ఉన్నట్టే. కనిపించకపోయినా పాలు తగ్గుతుంటే పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి.

తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయపు తంజావూరు కేంద్రం, జాతీయ పాడి అభివృద్ధి మండలి రైతులకు చెప్పే పూత ఒకటుంది. కలబంద (మన ఘీకువార్) 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలపు సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. గుప్పెడు ముద్దను 150-200 మి.లీ. నీళ్ళలో పలుచన చేసి, శుభ్రంగా కడిగిన పొదుగంతటికీ పూయాలి. రోజుకు 10 సార్లు, 5 రోజులు. రెండుసార్లు పూసి గుణం లేదంటే ఎలా? మొదటి 3 రోజులు రోజుకు రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి.

పూత పైకి మాత్రమే. చనురంధ్రంలోకి ఏదీ ఎక్కించకండి. జ్వరం వచ్చి మేత మానినా, పొదుగు చల్లబడి నల్లబడినా అదే రోజు పశువుల డాక్టరును పిలవండి. ఆయన ఇంజెక్షన్లు చేస్తే, చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు అమ్మకండి, పిల్లలకు పట్టకండి. జబ్బు ఆవును అన్నిటికంటే చివర పితికి, చేతులు సబ్బుతో కడుక్కోండి.