ఉప్పులోని అయోడిన్ గొంతులోకి ఎలా చేరుతుంది?



"అయోడిన్ లోపిస్తే గాయిటర్ వస్తుంది" అని మనమందరం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ తిన్న అయోడిన్ గొంతులోని థైరాయిడ్ గ్రంథికి ఎలా చేరుతుంది? పి.జి.లో జంతుశాస్త్రం చదువుతూ మేము తెలుసుకున్నది ఇక్కడ వివరిస్తున్నాం.

ఆహారంలోని అయోడిన్ అయోడైడ్ అయాన్లుగా రక్తంలో కలుస్తుంది. రక్తంలో ఉన్నదానికంటే 20 నుండి 40 రెట్లు ఎక్కువ గాఢతలో థైరాయిడ్ కణాలు దీన్ని పోగుచేస్తాయి. నీరు పల్లానికి పారినట్లు అయాన్లు కూడా ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి పోవాలి. ఇక్కడ జరిగేది దానికి వ్యతిరేకం. కాబట్టి శక్తి కావాలి. దీనినే సక్రియా రవాణా అంటారు.

ఈ సంగతి ప్రయోగశాల జంతువుల వల్లనే తెలిసింది. పిట్యూటరీ గ్రంథిని తీసివేసిన ఎలుకలలో థైరాయిడ్ అయోడైడ్‌ను గ్రహించడం బాగా తగ్గింది, టి.ఎస్.హెచ్. హార్మోన్ ఇస్తే మళ్లీ పెరిగింది. పెర్‌క్లోరేట్ ఇస్తే అయోడైడ్ ప్రవేశం ఆగింది. 1989లో ఎలుక థైరాయిడ్ కణాల ఆర్.ఎన్.ఎ.ను ఆఫ్రికా కప్ప అండాలలోకి ఎక్కించగా, ఆ అండాలు కూడా అయోడైడ్‌ను పీల్చుకున్నాయి! ఇదే దారిలో 1996లో నాన్సీ కరాస్కో బృందం ఆ పని చేసే ప్రోటీన్ జన్యువును గుర్తించింది. దాని పేరు ఎన్.ఐ.ఎస్.

ఈ ప్రోటీన్ రెండు సోడియం అయాన్లతో పాటు ఒక అయోడైడ్‌ను లోపలికి తెస్తుంది. కణం బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. అది లోపలికి వచ్చే ఊపులో అయోడైడ్‌ను వెంట తెస్తుంది. లోపలికి వచ్చిన సోడియంను ఒక పంపు ఎ.టి.పి. ఖర్చుతో బయటకు నెడుతుంది. ఔబాయిన్ అనే మందుతో ఆ పంపును ఆపితే అయోడైడ్ రాక కూడా ఆగిపోతుంది.

అయితే రక్తంలో అయోడైడే లేకపోతే ఈ ఏర్పాటంతా ఏం చేయగలదు? టి.ఎస్.హెచ్. పెరిగి గ్రంథి ఉబ్బుతుంది. గర్భిణికి లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పెద్దలకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటి చదువరులం. ఈ మాట అమ్మకు, అక్కకు చెప్పవలసింది మనమే. ఉప్పు ఎక్కువ తినమని కాదు. అయోడిన్ కలిపిన ఉప్పునే కొనమని, తడి తగలకుండా మూత పెట్టమని, కూర దించే ముందు వేయమని చెబుదాం.