నడుముకు సీసం

పావగడ తాలూకా కరవుసీమ. అయినా బావులు నిండిన ఏడు, ఈత నేర్చే పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొంటారు. బెండు మనిషిని తేలుస్తుంది.

మన రాష్ట్రంలోనే మురుడేశ్వరం దగ్గర నేత్రాణి దీవి ఉంది. అక్కడ గాలి సిలిండరుతో సముద్రంలో దిగేవారు సీసపు దిమ్మలు కట్టుకొంటారు. ఎందుకు? వారి రబ్బరు దుస్తులు వారిని పైకి నెడతాయి. సీసం నీటికంటె సుమారు 11 రెట్లు బరువు. కాబట్టి చిన్న దిమ్మలే చాలు.

ఉప్పునీరు మంచినీటికంటె ఎక్కువ తేలుస్తుంది. బావిలో సరిపోయే సీసం సముద్రంలో చాలదు. గాలి పీల్చినకొద్దీ సిలిండరు కూడా దాదాపు 2 కిలోలు తేలికవుతుంది. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

దిమ్మలు రెండు పక్కలా సమానంగా ఉండాలి. పట్టీ ఒక్క చేతితో లాగగానే ఊడిరావాలి. ఆపదలో బరువు వదిలితే పైకి తేలడం సులువు.