మోటారు ప్రమాదమున రైతు మరణించినచో కుటుంబమునకు రావలసిన నష్టపరిహారము

ఇంటి యజమానుడు లారీ క్రిందపడి మరణించినపుడు, బండివారిచ్చిన కొద్దిపాటి సొమ్ము పుచ్చుకొని రాజీ కాగితముపై వ్రేలిముద్ర వేయు కుటుంబములు కలవు. అట్లు చేయరాదు. బండి నడపినవాని అజాగ్రత్త రుజువైనచో భార్యకును, బిడ్డలకును, తల్లిదండ్రులకును పరిహారము కోరు హక్కు 1988 మోటారు వాహనముల చట్టమున కలదు. తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలునందే అర్జీ వేయవచ్చును. 2019 సవరణ ఇందుకు 6 నెలల గడువు పెట్టినది. కావున ఆలస్యము కూడదు.

లెక్కించు తీరును సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పులు ఏర్పరచినవి. 38 ఏండ్ల రైతు నెలకు రూ. 12,000 ఆర్జించెననుకొందము. ఏటికి రూ. 1,44,000. భవిష్యద్వృద్ధికై నూటికి 40 చేర్చగా 2,01,600. ఆధారపడినవారు నలుగురైనచో, మృతుని స్వంత వ్యయము క్రింద నాల్గవ వంతు తీసివేయగా 1,51,200. ఆ వయస్సునకు గుణకము 15, మొత్తము రూ. 22,68,000. అంత్యక్రియాదులకిచ్చునది వేరు.

చిక్కంతయు ఆ 12,000 రూపాయలను రుజువు చేయుటయందే యున్నది. భూమి మిగిలియే యున్నది గదా, నష్టమేమని ఎదుటిపక్షము వాదించును. అపుడు మృతుని శ్రమకును, పర్యవేక్షణకును విలువ కట్టవలసి వచ్చును. ప్రథమ సమాచార నివేదిక, శవపరీక్ష నివేదికలతోపాటు ధాన్యము, పాలు అమ్మిన రసీదులును, సంఘపు ఖాతా పుస్తకమును సాక్ష్యములగును. దుఃఖసమయమున వెదకిన అవి దొరకవు. కావున సభ్యులు ప్రతి రసీదును నేటినుండియే భద్రపరచి, అది యున్నచోటు ఇంటి స్త్రీలకు తెలుపవలెను.