గెట్టు అవతలి ఇల్లు

రుద్రంగి

బిడ్డా,

మొన్న ఫోన్‌ల నువ్వు చెప్పిన ముచ్చట నా మనసుల నుంచి పోతలేదు. త్బిలిసిల మీ కిరాయింటి ఓనరమ్మను "మీ సుఖుమి ఇప్పుడు వేరే దేశం కదా" అని అడిగినవు. ఆమె ఛాయ్ కింద పెట్టి ఏం మాట్లాడకుంట లోపలికి పోయింది. "మ్యాపుల గీత అట్లనే ఉన్నది తాతా" అన్నవు. తెలువక అన్నవు. అయినా తెలుసుకోవాలె, డాక్టర్ చదువు అయ్యేదాక నీ బతుకు ఆ మట్టి మీదనే.

1990ల నేను కువైట్‌ల డ్రైవర్‌ను. ఆగస్టు 2న తెల్లారేసరికి సద్దాం ఫౌజు పట్నంల ఉన్నది. ఆ నెల ఆఖరికి కువైట్ ఇరాక్‌ల 19వ రాష్ట్రం అని ప్రకటించిన్రు. ఒకనాడు నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ చిన్నకొడుకు స్క్రూడ్రైవర్ తెచ్చి, గోడకున్న ఇంటి నంబర్ రేకు ఊడదీసిండు. ఫౌజోళ్లకు ఎవలి ఇల్లు ఏదో దొరకొద్దని గల్లీ బోర్డులు సుత జనం తీసేసిన్రు. రేకును బియ్యం సంచి అడుగుకు దాసిండు. గోడకు నాలుగు స్క్రూ బొందలు మిగిలినయి. అమ్మాన్ పోయి ఎయిర్ ఇండియా విమానం ఎక్కేదాక రోజూ పొద్దున కారు తుడుసుకుంట ఆ బొందలే చూసిన. ఏడు నెలలకు కువైట్ బయటపడ్డది, ఆ రేకు మళ్ల గోడకెక్కే ఉంటది. మీ ఓనరమ్మ ఇల్లిడిసి ముప్పై ఏండ్లు దాటింది.

1993 సెప్టెంబర్ 27న అబ్ఖాజియాల ఉన్న సుఖుమి పట్నం అబ్ఖాజ్ ఫౌజు చేతికి పోయింది. అబ్ఖాజియా నుంచి రెండు లక్షలకు పైగ జార్జియనులు ఇండ్లిడిసి వచ్చిన్రు. 2008 ఆగస్టుల దక్షిణ ఒసెటియా కాడ ఐదు దినాల యుద్ధం అయింది, అదే నెల 26న రష్యా ఆ రెండింటినీ దేశాలని గుర్తించింది. అట్ల గుర్తించిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన దేశం గుర్తించలే. జార్జియా నేలల ఐదో వంతు ఇప్పటికీ రష్యా ఫౌజు కిందనే ఉన్నది.

గెట్టు జరుపుడంటే నీకు తెలుసు. అక్కడ ఫౌజే జరుపుతది. రైతు లేచి చూసేసరికి చేన్ల పచ్చ బోర్డు, ముండ్ల తీగె. ఖుర్వలేటి ఊరును ఆ తీగె నడిమిట్ల చీల్చింది. మన దగ్గరైతే పెద్దమనుషులు కూసుంటరు, సర్వేయర్ వచ్చి కొలుస్తడు. అక్కడ 2008 నుంచి యూరోపియన్ యూనియన్ పరిశీలకులు తిరుగుతున్నరు గని తీగె అవతలికి వాళ్లను సుత పోనియ్యరు. అబ్ఖాజులు, ఒసెట్లు సుత ఆ యుద్ధాలల్ల మనుషులను పోగొట్టుకున్నరు బిడ్డా, వాళ్ల భయం వాళ్లకున్నది. అందుకే ఎవలు ఏం చెప్పినా నువ్వు తీర్పు చెప్పకు. విను.

యూనియన్ అనే మాట నాకు కొత్త కాదు. మా నాయిన ఏ సంగతి చెప్పినా "యూనియన్ ఫౌజు రాకముందు, వచ్చినంక" అని లెక్క చెప్పేటోడు. 1948 సెప్టెంబర్ 17న నిజాం రాజు చేతులెత్తిండు, మన ఊరు ఇండియన్ యూనియన్‌ల కలిసింది. సంబురం చేసుకున్నోళ్లున్నరు, భయంతోని తలుపులు పెట్టుకున్నోళ్లున్నరు. మనకు యూనియన్ ఇంటికే వచ్చింది. జార్జియనులు పోయి యూరోపియన్ యూనియన్ తలుపు కొడుతున్నరు. 2022 మార్చి 3న దరఖాస్తు పెట్టిన్రు, 2023 డిసెంబర్‌ల అభ్యర్థి హోదా దొరికింది. 2024 నవంబర్ 28న వాళ్ల ప్రధాని కొబాఖిద్జె, 2028 ఆఖరు దాక చేరిక చర్చల ఊసే ఎత్తేది లేదన్నడు. ఆ రాత్రే రుస్తవేలి రోడ్డు జనంతోని నిండింది. పిల్లలు, ముసలోళ్లు చలిల నిలవడ్డరు. టీవీల చూసి నాకు గుండె బరువైంది.

నువ్వు మాత్రం అక్కడికి పోవద్దు. నీది చదువు కోసమిచ్చిన పర్మిట్, ఆ కొట్లాట వాళ్లది. దోస్తులు రష్యా దిక్కు నుంచి అబ్ఖాజియా చూసొద్దామంటే అసలే కదలకు, జార్జియా చట్టంల అది నేరం. "యూనియన్‌ల చేరుతది, మీ డిగ్రీ యూరప్ అంత చెల్లుతది" అని ఏజెంట్ చెప్పిన లెక్క మర్చిపో. బయట చదివొచ్చిన డాక్టర్లకు ఇక్కడ పెట్టే పరీక్ష పాసయ్యేటట్టు చదువు.

మీ అమ్మమ్మ సకినాలు చేసింది, వచ్చే పిల్లగానితోని పంపుతున్న. సగం ఓనరమ్మకు ఇయ్యి. తప్పైందని ఒక్క మాట చెప్పి, సుఖుమిల వాళ్ల ఇంటి నంబర్ ఎంతనో అడుగు.

మీ తాత